కళ్ళ బల్బులు

మురుంగపాక్కంలో నేను అద్దెకుంటున్న ఇంటి కింది వాటాలో ఒక వీజే ఉంది. యానాంలో మావాళ్ళకి ఈ ముక్క చెప్తే, టీవీలో పాటకీ పాటకీ మధ్య కబుర్లు చెప్పే అమ్మాయి అనుకున్నారు. నేనూ మొదట అదే అనుకుని, నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడని ఈ పిల్ల ఏం కబుర్లు చెప్తుందా అని తెగ ఆలోచించాను. సంగతేమిటంటే, డీజే పాటలు వాయిస్తుంటే వెనక పెద్ద ఎల్ఈడీ గోడ మీద ఆ పాటకి తగ్గట్టు బొమ్మలు ఆడించేవాళ్ళని వీజే అంటారట. ఈ అమ్మాయి పేరు ఎన్. లోకేశ్వరి. ముప్పై ఏళ్ళుంటాయి. ముందున్న ఎన్ వాళ్ళ నాన్న నటేశన్‌ది. ఆయన పోయాక, ఆయన ఎలా ఉండేవాడో అలాగే గుర్తుపెట్టుకోవాలని ఆ అమ్మాయి పడ్డ పాట్లే నేను రాయబోయేది.

నటేశన్‌ని నేను మూడేళ్ళు చూశాను. ఆరేళ్ళ కిందట యానాం నుంచి బదిలీ మీద ఈ తమిళ ఊరొచ్చినప్పుడు నాకు మేడ మీది వాటా తాళాలు చేతిలో పెట్టింది ఆయనే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పడు. ఎడమచెయ్యి ఎత్తి నుదుటి చెమట తుడుచుకుని, చిన్న నవ్వు నవ్వి, అప్పుడు చెప్పేవాడు. మంచివాడేగానీ ఒళ్ళు వంగదు అనుకునేవాణ్ణి. జీవితమంతా కరెంటు పని మీద బతికిన మనిషి, నా గదిలో ఫ్యాను ఆగిపోతే తను స్టూలు పట్టుకుని కింద నిలబడి, "మీరే ఎక్కండి సారు, నేను చెప్తా" అనేవాడు. అద్దె ఇచ్చి మరీ కరెంటు పని నేర్చుకోవడమేమిటని సణుక్కుంటూ ఎక్కేవాణ్ణి.

ఆయన పని సీరియల్ సెట్టు. ఈ ఊళ్ళో అమ్మవారి తిరునాళ్ళొస్తే వీధి మొదట్లో మేడంత ఎత్తున సరుగుడు కర్రలు కట్టి, వాటి మీద వేలకొద్దీ రంగు బల్బులతో దేవుడి బొమ్మ నిలబెడతారు. ఆ బొమ్మలో నెమలి పురి విప్పుతుంది, చక్రం తిరుగుతుంది, శివుడి జటలోంచి గంగ దిగుతుంది. చూసేవాళ్ళకి అది మహిమ. వెనక్కి వెళ్ళి చూస్తే ఒక చెక్క డ్రమ్ము, దాని చుట్టూ అతికించిన రాగిరేకు ముక్కలు, తిప్పే మోటారు. ఏ రేకు ముక్క తీగకి తగిలితే ఆ వరస బల్బులు వెలుగుతాయి. డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే గంగ ఒకసారి దిగుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. పది రోజుల తిరునాళ్ళలో ఆ గంగ ఎన్ని వేలసార్లు దిగేదో లెక్కలేదు.

సెట్టు వాళ్ళు బొమ్మకి ఎప్పుడూ వెనకే ఉంటారు. కుడి ఎడమలు కూడా వెనక నుంచే చెప్పుకుంటారు. అలా చెప్తే దేవుడి ఎడమచెయ్యి వాళ్ళకీ ఎడమవైపే. ఎదురుగా నోరు తెరుచుకుని చూసే మాబోటివాళ్ళకే తారుమారు. లోకేశ్వరి ఆ వెనకాల, వైర్ల చుట్టల మీద నిద్రపోతూ పెరిగింది.

ఆ పనిలో వాళ్ళకొక నియమం ఉంది. బొమ్మంతా వెలిగాక, కర్పూరం ముట్టించి, అన్నిటికన్నా చివర కళ్ళ బల్బులు పెట్టాలి. తిరునాళ్ళయ్యాక విప్పేటప్పుడు మాత్రం ముందు ఆ కళ్ళే తియ్యాలి. ఆ రెండు బల్బుల్నీ ఇంకో బొమ్మకి వాడరు. నటేశన్ వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో దాచేవాడు. కళ్ళు తియ్యకుండా విప్పేస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, "పావం సారు, దానికి యాడికి పోవాలో తెలీదు" అన్నాడు. కుక్కపిల్ల గురించి చెప్పినట్టు చెప్పాడు.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. పటం కట్టించడానికి వెతికితే ఆయన మొహం ఉన్న ఫొటో ఒక్కటే దొరికింది. ఫోన్లో తీసినవన్నీ వీపులే. వెనక్కి తిరిగి బల్బులు చూసుకునే మనిషి కదా. ఆ ఒక్కటీ ఎప్పుడో స్టూడియోలో తీయించుకున్నది. చేతులు రెండూ కిందికి వేలాడేసి, కెమెరాకేసి కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు. ఆయన భార్య జయమ్మాళ్ ఆ ఫొటోకి దండ వేసి, ఆ రోజు నుంచి మాటలు తగ్గించేసింది. తిండీ తగ్గించేసింది.

"నాన్న గొంతు అప్పుడే సగం పోయె సార్" అంది లోకేశ్వరి ఒకరోజు మెట్ల మీద కనపడి. "నడక కూడా పోతాదేమో అని భయంగా ఉండాది. రోజూ ఒకసారి కళ్ళు మూసుకోని చూసుకుంటా. చొక్కా తొడుక్కునేది, చెమట తుడుచుకునేది. ఉండాయా పోయినాయా అని."

అవన్నీ ఎక్కడికీ పోవమ్మా అన్నాను. ఇలాంటి మాటలు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

ఆ అమ్మాయి పని నేను మొదటిసారి చూసింది దెబ్బలాటకి వెళ్ళి. ఒక ఆదివారం పగలంతా కింద నుంచి దభీదభీమని మోత. తలుపు కొట్టాను. లోపల మూడు కంప్యూటర్ తెరలు, వాటి పక్కన మూలగా గుడ్డ కప్పిన నటేశన్ పాత డ్రమ్ము, దాని మీద ఒక బల్బుల తోరణం. తెర మీద సముద్రంలో మునిగిన ఒక ఊరు. వందేళ్ళ తరవాత ఊరట. గాజు మేడలు, వాటి మధ్య కడుపులో దీపాలున్న చేపలు. పాట దెబ్బ పడినప్పుడల్లా చేపలన్నీ ఒక్కసారి తిరిగి మనకేసి చూస్తున్నాయి. కోప్పడదామని వెళ్ళినవాణ్ణి అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను.

ప్రతి బొమ్మా ఎనిమిది సెకన్లు. మొదట ఏ దృశ్యం ఉంటుందో చివర కూడా అదే ఉండాలి. అప్పుడే అతుకు కనపడకుండా తిరుగుతూనే ఉంటుంది. లూప్ అంటారు. మొదటిదీ చివరిదీ ఈ అమ్మాయి ఇస్తే, మధ్యలో జరిగేదంతా ఏఐ కల్పిస్తుంది.

"అయితే మధ్యలో ఏం జరుగుతుందో నీకు తెలీదా?" అన్నాను.

"నేను రాసి ఇస్తా సార్. ఇనేది ఇంటుంది. నేను చెప్పనిది దాని ఇష్టానికి చేసుకుంటాది."

"మీ నాన్న డ్రమ్ము నయం కదమ్మా. చెప్పిందే చేసేది."

"అదీ ఇదీ ఒకటే సార్" అంది. "రెండూ మొదటికే వస్తాయి."

పోయిన చలికాలం సముద్రపు ఒడ్డున ఒక హాల్లో పెద్ద కార్యక్రమం దొరికింది ఆమెకి. ఇరవై అడుగుల తెర. ఆ రోజుకి ఏదైనా సొంతంగా, ఇంకెవరి దగ్గరా లేనిది చెయ్యాలని నాన్న స్టూడియో ఫొటో బయటికి తీసింది. భవిష్యత్తులో ఒక నగరం, అందులో మేడలన్నీ సీరియల్ సెట్టు బల్బులే. మధ్యలో మేడలకన్నా ఎత్తుగా, ఒళ్ళంతా బల్బులతో నటేశన్. చెయ్యెత్తి చెమట తుడుచుకుంటాడు, నవ్వుతాడు, చెయ్యి దించుతాడు. ఎనిమిది సెకన్లు. మళ్ళీ మొదటికి.

నాకొక టికెట్టు ఇచ్చింది. సాయంత్రం ఏడింటికి, నా వయసుకి తగని ఆ గోలలో, చెవుల్లో దూది పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. చేపలు వచ్చాయి, వెళ్ళాయి. తరవాత నటేశన్ వచ్చాడు. నా ఫ్యాను కింద స్టూలు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇరవై అడుగుల ఎత్తున వెలిగి నాకేసి చూశాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

చెయ్యెత్తాడు. తుడుచుకున్నాడు. నవ్వాడు. నాలుగోసారో అయిదోసారో ముందు వరసలో ఒక కుర్రాడు సరదాగా తనూ చెయ్యెత్తి నుదురు తుడుచుకున్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. పాట దెబ్బకీ బొమ్మ చేతికీ సరిగ్గా సరిపోయింది. రెండు నిమిషాల్లో ఆ హాల్లో ఉన్న నాలుగైదు వందల మందీ ఒక్కసారి చెయ్యెత్తుతున్నారు, ఒక్కసారి తుడుచుకుంటున్నారు, ఒక్కసారి నవ్వుతున్నారు. వాళ్ళెవరికీ నటేశన్ ఎవరో తెలీదు. నేను లోకేశ్వరి కోసం చూశాను. బల్ల దగ్గర, మీటల మీద వేళ్ళుంచి, తెరని కాకుండా జనాన్ని చూస్తోంది. ఆ మొహంలో సంతోషం లేదు. నా చెయ్యి అప్పటికే నుదుటి మీద ఉంది.

మర్నాడు ఆ లూప్ ఇంట్లో టీవీకి ఎక్కింది. జయమ్మాళే అడిగిందట. ఇక చూడాలి ఆవిణ్ణి. తల దువ్వుకుంది, పూలు పెట్టుకోలేదుగానీ కొత్త చీర కట్టింది, రసం కాచింది. మూడేళ్ళుగా పెదవి విప్పని మనిషి టీవీ ముందు పీట వేసుకుని ఆయనతో బజారు కబుర్లు చెప్తోంది. తేంగాయితిట్టు రేవులో చేప ధర దగ్గర్నుంచి పక్కింటి కోడలి దాకా అన్నీ. ఆయన చెయ్యి పైకి లేచినంతసేపూ ఆగుతుంది. చెయ్యి దిగాక మళ్ళీ మొదలుపెడుతుంది. ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా ఆ లెక్క ప్రకారమే. మధ్యాహ్నం పూట భోజనానికి నేను ఇంటికొస్తే మెట్ల కింద ఆ మాటలు వినపడేవి. ఎనిమిది సెకన్లకొక విరామం. పట్టపగలు, వీధిలో చేపలమ్మే ఆవిడ కేకేస్తుండగా, నేను మెట్ల కిందే నిలబడి ఆ సెకన్లు లెక్కపెట్టేవాణ్ణి.

ఒకరోజు జయమ్మాళ్ నన్ను లోపలికి పిలిచింది. "చూడండి సారు. మా ఇంటాయన ఎప్పుడూ ఇట్లనే కదా. మాట చెప్పే ముందర ఎడమచేత్తో తుడుచుకోని, నవ్వి, అప్పుడు చెప్పేది."

"అవునండీ, అచ్చం అలాగే" అన్నాను. మొహమాటానికి అన్నది కాదు. నిజంగానే నాకలాగే గుర్తుంది.

వంటింటి గుమ్మంలో లోకేశ్వరి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను బయటికొస్తుంటే వెనకే వచ్చింది.

"సార్, నాన్న ఎడమచెయ్యి పైకి ఎత్తేదానికి కాదు."

నాకు అర్థం కాలేదు.

"నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు తేంగాయితిట్టు తిరునాళ్ళలో కర్ర మీంచి పడినాడు. భుజం పోయె. దాని తరవాత ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేసిందే లేదు. నేనే రోజూ చొక్కా తొడిగేది. ముందు ఎడమచెయ్యి, దాని తరవాత కుడి. పద్నాలుగేళ్ళు తొడిగినా సార్. చెమట తుడుచుకునేది కుడిచేత్తో."

"మరి ఆ బొమ్మలో..."

"నా తప్పే. ఫొటోలో నాన్న కుడిచెయ్యి తెర మీద నాకు ఎడమవైపు ఉండాది. ఎడమచెయ్యి అని రాసేసినా, అది నాన్న ఎడమచెయ్యే ఎత్తించె. నాన్న ఉంటే తిట్టేవాడు. సెట్టు ఇంట్లో పుట్టి ముందర నిలబడి చెప్తావా అని." గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "ఇన్నేళ్ళు పక్కన పడుకున్న అమ్మకి గుర్తు లేదు. మీరు మూడేళ్ళు చూసినారు. మీకూ ఎడమచెయ్యే గుర్తుండాదా?"

నేను స్టూలు గురించి ఆలోచిస్తున్నాను. మీరే ఎక్కండి సారు. బద్ధకం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఫ్యాను దాకా చెయ్యి ఎత్తలేని మనిషి, చెప్పుకోవడానికి సిగ్గుపడి స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. నాకు మనసులో చాలా కష్టమేసింది. అయినా కళ్ళు మూసుకుని ఆయన్ని తలుచుకుంటే, ఆ స్టూలు పక్కన నిలబడి ఆయన హాయిగా ఎడమచెయ్యి ఎత్తి తుడుచుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే కుడిచెయ్యి ఎత్తే లూప్ చేసింది లోకేశ్వరి. ఫొటో అదే, మొహం అదే. టీవీలో పెట్టింది. జయమ్మాళ్ రెండు చుట్లు చూసి పీట వెనక్కి జరుపుకుంది.

"ఎవురే వీడు? మా ఇంట్లోకొచ్చి ఎందుకు నవ్వతా ఉండాడు?"

"నాన్నే మా. సరిగా చూడు. నాన్నకి భుజం పోయింది కదా."

"మీ నాన్నకి ఏమీ పోలేదు. తీసెయ్. భయంగా ఉండాది నాకు."

తియ్యక తప్పలేదు. పాతదే మళ్ళీ పెట్టింది. జయమ్మాళ్ ఆయనకేసి చూసి, "వచ్చినారా" అని పీట దగ్గరికి జరుపుకుంది.

ఆ తరవాత ఒక పది రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచాయో నాకు తెలీదు. తెలుసుకోవాలని నేనూ ప్రయత్నించలేదు. మెట్లు గబగబా ఎక్కేసి తలుపేసుకునేవాణ్ణి. పిరికితనమే. తలుపేసుకున్నా ఒకటి మాత్రం కళ్ళముందు ఉండేది. ఆ ఎనిమిది సెకన్లలో ఆయన ఎక్కడా రెప్ప వెయ్యడు.

పదకొండో రోజు పొద్దున్నే, నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే లోకేశ్వరి పైకొచ్చింది. చేతిలో నటేశన్ చొక్కా. నీలం గళ్ళది.

"సార్, దీనికి ముందు ఏ చెయ్యి?"

"అదేంటమ్మా. నువ్వే కదా చెప్పావు, ఎడమ అని."

"చెప్పినా. చెప్పింది గుర్తుండాది. చేసింది గుర్తుకు రాలే." చొక్కా భుజాలు పట్టుకుని గాల్లో ఎవరికో తొడుగుతున్నట్టు నిలబెట్టింది. "కళ్ళు మూస్తే రెండు చేతులూ పైకి లేస్తా ఉండాయి సార్. నాన్న తనే తొడుక్కుంటా ఉండాడు. నేను పక్కన ఊరికే నిలబడి ఉండాను."

అప్పుడు ఏడ్చింది. నేను కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ఆఫీసు మానేశాను.

"చెరిపెయ్యమ్మా" అన్నాను చివరికి. "ఒక్క మీట నొక్కితే పోతుంది కదా."

"కళ్ళు తెరిచి ఉండాడు సార్" అంది. "అట్ల విప్పకూడదు."

చదువుకున్న పిల్ల, ఏఐతో పని చేసే పిల్ల, ఇదేం మాట అని కోప్పడదామనుకున్నాను. కానీ యాడికి పోవాలో తెలీదు అన్న నటేశన్ మాట గుర్తొచ్చి, ఆమె వెంట కిందికి దిగాను.

ఆయన కళ్ళు ఆర్పమని ఏఐకి మూడుసార్లు రాసిచ్చింది. మూడుసార్లూ కళ్ళు ఆరినట్టే ఆరి, చివరికి మళ్ళీ వెలిగాయి. చివరి దృశ్యం మొదటి దానిలాగే ఉండాలని తనే కదా ఇచ్చింది. అది ఆ మాట తప్పదు. నాలుగోసారి చివరి దృశ్యం తన చేత్తో వేసింది. నాన్న మొహం మీద రెండు కళ్ళనీ నల్లరంగుతో పూడ్చింది. కంప్యూటర్లో బొమ్మే అయినా, ఆ రెండు చుక్కలు పెట్టడానికి అరగంట పట్టింది. నేను కిటికీలోంచి కొబ్బరిచెట్టు చూస్తూ కూర్చున్నాను.

తల్లికి చెప్పే పని మాత్రం మిగిలింది. లోకేశ్వరి ఆవిడ పక్కన కింద కూర్చుంది.

"అమ్మా, తిరునాళ్ళు అయిపోయె. సెట్టు విప్పాల."

జయమ్మాళ్ టీవీకేసి చూస్తూ కూర్చుంది. టీవీలో చెయ్యి లేచింది, దిగింది, లేచింది, దిగింది. సెట్టు మనిషి భార్య ఆవిడ. ఎన్ని తిరునాళ్ళు చూసిందో, ఎన్ని బొమ్మలు విప్పుతుంటే పక్కన నిలబడిందో.

"కర్పూరం తే" అంది.

పట్టపగలు పదకొండు గంటలకి, టీవీ ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పింది. లోకేశ్వరి మీట నొక్కింది. నటేశన్ చెయ్యెత్తి తుడుచుకుని నవ్వాడు. నవ్వుతుండగా ముందు కళ్ళు ఆరిపోయాయి. తరవాత నుదురు, నవ్వు, భుజాలు, వరస వెంట వరస. ఆయన వెనక నగరం కూడా ఒక్కొక్క మేడే ఆరింది. చివరికి నల్లటి తెరలో మేం ముగ్గురం కనపడ్డాం.

జయమ్మాళ్ లేచి, మూలనున్న పాత డ్రమ్ము దగ్గర బల్బుల తోరణంలోంచి రెండు బల్బులు విప్పి, బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేసింది. "అన్నం పెట్టవే" అంది కూతురితో. ఆ రోజు నుంచి మళ్ళీ మాటలు తగ్గాయి. తిండి మాత్రం తింటోంది. లూప్ ముక్క అన్నది లేకుండా లోకేశ్వరి అన్నీ చెరిపేసింది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. నటేశన్ గురించి నాలుగు పేజీలు రాసి పెడతానని, ఆయన ఉన్నదున్నట్టు రాస్తానని ఆ అమ్మాయికి నేనే మాటిచ్చాను. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగేగానీ చదవడం ఎవరికీ రాదు. అందుకని మొదటి పేజీ రాయగానే కిందికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఇస్త్రీ చొక్కా దాకా బాగానే చదివాను. ఆ కిందే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇంత తెలిసుండి, ఇంత జాగ్రత్తగా రాయాలనుకుని, నా చెయ్యి ఎడమచెయ్యి అనే రాసింది. మీరు పైన చదివింది ఆ వాక్యమే.

దిద్దుదామని కలం తీశాను. అంతలో, ఆ వాక్యం పైకి చదివితే ఆ అమ్మాయే సరిచేస్తుంది కదా అనిపించింది. ఆమె నోటితోనే వినాలనిపించింది. చదివాను. ఎడమచెయ్యి ఎత్తి నుదుటి చెమట తుడుచుకుని, చిన్న నవ్వు నవ్వి, అప్పుడు చెప్పేవాడు. చదివి, తలెత్తి చూశాను.

లోకేశ్వరి కళ్ళు మూసుకుని వింటోంది. మొహంలో నెమ్మది. చాలా రోజుల తరవాత చూశాను ఆ నెమ్మది.

"సరిగ్గా రాసినారు సార్" అంది. "నాన్న అట్లనే."

కలం జేబులో పెట్టుకుని మిగిలింది చదివాను.